సోపాన్ తాత్యా ఎత్తిన భండారా

సోపాన్ తాత్యా దగ్గర ఇరవై రెండేళ్ళు జీపు నడిపాను. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కచోట పావుగంట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. పెళ్ళికి పోతే అక్షతలు పడకముందే లేస్తాడు. చావుకు పోతే పాడె లేవకముందే ఇంకో ఊళ్ళో చావు గుర్తొస్తుంది. అన్నానికి కూర్చోబెడితే జొన్నరొట్టె మీద పచ్చిమిరప కారం పెట్టించుకుని, అది చేతిలో పట్టుకునే జీపెక్కుతాడు. కాలు కాలిన పిల్లి అంటారే, ఆ పిల్లే నయం. దానికి ఒక్క కాలే కాలింది.

మేం షోలాపూర్ పద్మశాలీలం. మా నాన్న మిల్లులో నేశాడు, మిల్లు మూతపడ్డాక నేను స్టీరింగు పట్టాను. నా పేరు అంబాదాస్. తాత్యా నోట్లో అది అంబ్యా. తిట్టినా అంబ్యానే, బుజ్జగించినా అంబ్యానే. ఆయన గురించి పేపర్లవాళ్ళు రాసిందంతా ఎన్నిసార్లు గెలిచాడు, ఎన్నిసార్లు ఓడాడు అన్న ముచ్చటే. సొంత ఊళ్ళో ఏం జరిగిందో ఎవడూ రాయలేదు. రాయడానికి వాళ్ళెవరూ అక్కడ లేరు, నేనున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

ఊరు కోరడేవాడి. వాన పడితే జొన్న, పడకపోతే దుమ్ము. తాత్యా తండ్రికి పదకొండెకరాల చేను, ముప్ఫై గొర్రెలు. డెబ్బై రెండు కరువులో గొర్రెలు పోయాయి, చేను బీటలువారింది. సర్కారు కరువుపని పెడితే పదిహేడేళ్ళ సోపాన్ తల్లి వెంట రోడ్డుకు కంకర కొట్టడానికి పోయాడు. వాళ్ళ పక్కన కంకర కొట్టేది హౌసాబాయి. పాతికేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని, చంకలో బిడ్డతో వచ్చేది. కొట్టిన కంకర కొలవడానికి గుమాస్తా అడుగులేని చెక్కపెట్టె ఒకటి తెచ్చేవాడు. దాన్ని నేలమీద పెట్టి నింపితే ఒక కొలత. ఆ మహానుభావుడు సరిగ్గా గుంట ఉన్నచోట చూసి పెట్టేవాడు. ఇంకో రెండు గంపలు పోస్తేగానీ పెట్టె నిండేది కాదు.

అందరూ గొణిగేవాళ్ళే, నోరు తెరిచినవాడు లేడు. కుంచంతో జొన్నలు కొలిచే ఇంట్లో పుట్టిన సోపాన్‌కి ఆ మోసం మొదటిరోజే దొరికిపోయింది. హౌసాబాయి కుప్ప దగ్గర గుమాస్తా పెట్టె దించబోతుంటే, ఒక పలకరాయి మోసుకొచ్చి గుంట మీద పరిచి, ఇప్పుడు పెట్టండి సాహెబ్ అన్నాడట. గుమాస్తా అతని పేరు కొట్టేశాడు. వెంటనే మూడు వందల సుత్తులు కింద పడ్డాయి. రెండు రోజులు ఎవరూ రాయి ముట్టలేదు, మళ్ళీ పేరు రాసేదాకా అందరూ అక్కడే కూర్చున్నారు. తాత్యా బతుకులో రెండు రోజులు కదలకుండా కూర్చున్నది అదొక్కసారే. అదీ నేను కళ్ళారా చూసింది కాదు కాబట్టి నాకు నమ్మకం లేదు.

ఆ రోజు నుంచి హౌసాబాయి అతన్ని వదల్లేదు. ఇరవై ఆరేళ్ళకు సర్పంచిగా నిలబెట్టింది ఆమే. గెలిచాక పనులు నడవకపోతే రచ్చమీద నిలేసి తిట్టిందీ ఆమే. పంచాయతీ సమితికి పోయినా, ఎమ్మెల్యే అయినా ఆమెకు అతను సోప్యానే. ముంబైనుంచి ఎర్రలైటు కారులో వచ్చిన పెద్దమనిషి ముందే ఒకసారి అంది: “ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య. ఏంరా సోప్యా, బోరింగు కొట్టిస్తనని పోయి ఎన్ని నెలలాయె?” పెద్దమనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. తాత్యా తల గోక్కున్నాడు. బోరింగు మాత్రం ఆ వారమే పడింది.

మా తాలూకాలో ఎన్నికలంటే సభలు, మైకులు పైపై ముచ్చట. అసలు పని బీర్‌దేవుడి గుడిముందు జరుగుతుంది. పళ్ళెంలో దేవుడి భండారా, అంటే పసుపు, పక్కన మారేడాకులు పెడతారు. ఇంటికొక మనిషి వచ్చి చిటికెడు పసుపు ఎత్తి, ఓటు ఫలానావాడికే అని పలుకుతాడు. మందు తాగి మాట మార్చినవాళ్ళున్నారు, మేక కోయించుకుని మాట మార్చినవాళ్ళున్నారు. భండారా ఎత్తి మార్చినవాడు మాత్రం కోరడేవాడిలో లేడు. ప్రతి ఎన్నికకు పళ్ళెం తాత్యానే పట్టుకొచ్చేవాడు. మొదట ఎత్తేది హౌసాబాయి, వెనక ఊరంతా.

తొంభైలో అసెంబ్లీకి నిలబడి ఓడాడు. నేను చేరింది ఆ తర్వాతే. తొంభై అయిదులో గెలిచాడు, తొంభై తొమ్మిదిలో గెలిచాడు, రెండువేల నాలుగులో మళ్ళీ ఓడాడు. ఓడిన అయిదేళ్ళు ఆయన తిరిగినంత గెలిచినప్పుడు కూడా తిరగలేదు. పొద్దున ఆరింటికి బయల్దేరేవాళ్ళం. ఎక్కడికి తాత్యా అంటే పోనీరా అనేవాడు. ఎవడి ఎద్దు చచ్చినా, ఎవరి దానిమ్మతోటకు మచ్చతెగులు వచ్చినా అక్కడ మేం ఉండేవాళ్ళం. ఇంట్లో ఆయన భార్య కళావతి వదిన నాతో ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుని అంది, మీ తాత్యా ఇంట్లో ఉన్నా బస్టాండులో ఉన్నట్టే ఉంటడు అని.

రెండువేల తొమ్మిది ఎన్నికల్లో ఊరు అడ్డం తిరిగింది. కాలువ నీళ్ళు వస్తాయని పదిహేనేళ్ళుగా చెబుతున్నాడు. కాలువ ఎనిమిది కిలోమీటర్ల అవతల గుట్ట దగ్గర ఆగిపోయింది. గుట్ట తొలిచి సొరంగం వేస్తేగానీ ముందుకు రాదు. తాత్యా ఎప్పటిలాగే పళ్ళెంతో వచ్చి గుడిముందు పెట్టాడు. ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి హౌసాబాయి లేచింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె పసుపు ఎత్తలేదు, పళ్ళెమే ఎత్తి తాత్యా ముందు పట్టింది.

“ఎప్పుడు జూసినా మేమే ఎత్తాల్నా? ఈసారి నువ్వెత్తు.”

తాత్యాకి కోపం వస్తే అగ్గిమీద గుగ్గిలమే. నన్ను నమ్మరా అని అందరి మొహాలూ చూశాడు. చిటికెడు పసుపు, మారేడాకు ఆమె చేతిలోని పళ్ళెంలోంచి ఎత్తాడు. “నీళ్ళు మన చేన్ల పారకపోతే ఇంకోసారి ఓటడగను. నామినేషన్ ఫారం మీద సంతకం పెట్టను. బీర్‌దేవుని ఆన” అన్నాడు. ఊరంతా పళ్ళెం మీద పడింది. ముసలివాళ్ళను కూడా ఎత్తుకొచ్చి భండారా ఎత్తించారు. ఆ ఏడు తాత్యా ఆరు వందల ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ ఆరు వందలూ కోరడేవాడివే.

ఇక చూడండి మా తిరుగుడు. ముంబైలో సచివాలయం మెట్లు నాకు మా ఇంటి మెట్లకంటే బాగా తెలుసు. ఇంజినీర్లను జీపులో వేసుకుని గుట్టకు తీసుకుపోయేవాళ్ళం. తాత్యా వాళ్ళకంటే ముందు గుట్టెక్కి, ఇక్కడ తవ్వాలె, ఇక్కడ అని కర్రతో నేల పొడిచేవాడు. సొరంగం మంజూరైంది, మొదలైంది, నూరడుగులు తవ్వాక ఆగిపోయింది. అబద్ధం ఎందుకు, అందులో ఆయన పాపమూ ఉంది. మూడో ఏట ఏదో మండలికి అధ్యక్షుణ్ణి చేశారు. ఎర్రలైటు వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ గుట్ట పేరు ఆయన ఎత్తలేదు, నేను గుర్తు చేయలేదు. నాకూ కొత్త బండి వచ్చింది మరి.

అయిదేళ్ళు గిర్రున తిరిగాయి. పితృపక్షంలో ఎవరూ ఫారం నింపరు కాబట్టి, నవరాత్రుల ఘటస్థాపన అయ్యాక మిగిలిన రెండు మూడు రోజుల్లోనే అందరూ ఎగబడ్డారు. పార్టీ టిక్కెట్టు తాత్యాకే వచ్చింది. ఈసారి గాలి అంతా ఇటే ఉంది, గెలుపు ఖాయం అన్నారు. మంత్రి పదవి మాట కూడా గుసగుసగా వినపడింది. తాత్యా మాత్రం ఫారం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నీళ్ళు రాలేదు, సంతకం పెట్టకూడదు. పెట్టకపోతే నలభై ఏళ్ళు పరుగెత్తింది ఈ గడప ముందు ఆగిపోతుంది. వసారాలో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. కార్యకర్తలు అడిగితే ముహూర్తం చూస్తున్నాను అనేవాడు.

ఆఖరిరోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి గడువు. పొద్దున పది దాటినా ఆయన చెప్పులు వేసుకోవడం, విప్పడం. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నేనే అన్నాను: “తాత్యా, ఎత్తినోడికి దించుకునే తోవ గూడ ఉంటది గద. హౌసాబాయి పళ్ళెంల నుంచి ఎత్తినవు, పోయి ఆమె చేతులనే దించు. అడిగితె కాదంటదా?”

మేకను మొక్కుకుని, మేక లేక కొబ్బరికాయ కొట్టి వచ్చే ఏడు ఇస్తానని దేవుడితో బేరమాడేవాళ్ళను నేను ఎందరినో చూశాను. ఇదీ అంతే అనుకున్నాను. నా బుద్ధి ఎక్కడ గడ్డి తినడానికి పోయిందో అప్పుడు. రెండు నిమిషాల తర్వాత ఆయన జీపులో ఉన్నాడు. తాలూకా ఊళ్ళోని ఇంటినుంచి కోరడేవాడికి నలభై కిలోమీటర్లు ముప్పావుగంటలో తోలాను.

హౌసాబాయి చేనులో సజ్జ కంకులు కోస్తోంది. అరవై ఏడేళ్ళ మనిషి, నడుం వంచితే ఎత్తకుండా సాలు చివరిదాకా పోతుంది. తాత్యా గట్టుమీద నిలబడి వచ్చిన పని చెప్పాడు. నీళ్ళు తప్పకుండా తెస్తాననీ, గెలిచి మంత్రి అయితేనే అది జరుగుతుందనీ, ఇప్పుడు ఆగిపోతే సొరంగం గబ్బిలాలపాలేననీ చెప్పాడు. చెప్పింది నిజమే, అందులో ఒక్క అబద్ధం లేదు. ఆమె కోత ఆపలేదు, తిట్టనూ లేదు. ఆ సాలు అయిపోయేదాకా మమ్మల్ని ఎండలో నిలబెట్టి, కొడవలి నడుముకు దోపుకుని, “పా, గుడికి పోదాం” అంది. నేను గడియారం చూశాను. పన్నెండున్నర.

గుడికి చేరేసరికి ఊరు పోగైంది. ఎవరు చెప్పారో తెలీదు. హౌసాబాయి కొంగు పట్టింది. తాత్యా గుడిలోంచి చిటికెడు పసుపు తెచ్చి, కళ్ళు మూసుకుని, ఆమె కొంగులో వదిలాడు. “దించుకున్న, అక్కా” అన్నాడు.

“సరె. దిగింది.” ఆమె గొంతులో కోపం లేదు. దేవుడి దగ్గరికి పోయి తానూ చిటికెడు పసుపు తీసుకొచ్చింది. తాత్యా అరచేయి పట్టుకుని, తెరిచి, అందులో వేసింది. ఆమె వెనక ఆమె కొడుకు వేశాడు. అతని వెనక పటేల్ ఇంటి ముసలాయన, గొర్రెలోళ్ళ ఇళ్ళవాళ్ళు, కొత్త కోడళ్ళు. వరసకట్టారు. ఒక్కొక్కరు చిటికెడు వేసి, చేతులు దులుపుకుని, పక్కకు తప్పుకుంటున్నారు. ఒక అరచేయి నిండితే తాత్యా రెండోది పట్టాడు. పసుపు వేళ్ళసందుల్లోంచి కారి తెల్ల పైజామా మీద పడుతోంది.

నా ఆనందం చెప్పలేను. సోపాన్ తాత్యాకీ జై అని గట్టిగా అరిచాను. ఊరంతా దీవిస్తోంది తాత్యా అన్నాను. నా వెనక ఎవరూ జై అనలేదు. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

జీపులో ఆయన రెండు చేతులూ దోసిలిగానే పట్టుకుని కూర్చున్నాడు. పారబోయడానికి మనసొప్పలేదు, పెట్టుకోవడానికి చోటులేదు. ఊరు దాటాక నేను మళ్ళీ దీవెనల మాట ఎత్తాను. “దీవెన గాదురా గాడిద కొడకా” అన్నాడు. అరవలేదు, మెల్లగా అన్నాడు. “నేను నాది దించుకున్న. వాళ్ళు వాళ్ళది నా చేతుల పెట్టిన్రు. ఇన్నేండ్ల సంది ఎత్తిందంత వాపసిచ్చిన్రు.”

వెనక్కి తిప్పమంటావా అని అడిగాను. ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు చూశాడు, నా గడియారం చూశాడు. తిప్పమని అనలేదు. వద్దని కూడా అనలేదు. నేను తిప్పలేదు. రెండూ నలభైకి తహసీలు ఆఫీసు ముందు ఆపాను. అప్పటికి దోసిట్లో పసుపు సగం బండిలోనే రాలిపోయింది. మిగిలింది రుమాల్లో కట్టుకుని లోపలికి పోయాడు. ఫారం మీద వేలిముద్రలన్నీ పచ్చగా పడ్డాయి. ఏంటండీ ఇది అని గుమాస్తా విసుక్కున్నాడు, వేరే ఫారం నింపడానికి సమయం లేదు కాబట్టి తీసుకున్నాడు.

గెలిచాడు. మామూలు గెలుపు కాదు, ఇరవై మూడు వేల ఓట్ల తేడా. తాలూకా ఊళ్ళో ఊరేగింపులో చల్లిన గులాల రంగు రెండు రోజులు చెవుల్లోంచి పోలేదు. లెక్కింపు రోజునే తాత్యా ఒక్క ఓటింగ్ మిషన్ గురించే అడిగాడు. కోరడేవాడిలో పోలైనవి ఎనిమిది వందల పన్నెండు, తాత్యాకి తొమ్మిది. ఊళ్ళోనే ఉండే ఆయన తమ్ముడింట్లో ఓటర్లే ఏడుగురు. మిగిలిన ఇద్దరు ఎవరై ఉంటారా అని ఊరేగింపు లారీమీద నిలబడి కూడా ఆలోచించాడు, నాకు తెలుసు. పూలదండ వేసినవాడి మొహం ఆయన చూడలేదు.

మూడో రోజు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, పోదాం పద అన్నాడు. దారిపొడుగునా తిట్లు తినడానికి సిద్ధమవుతున్నాడు. హౌసాబాయి ఏమంటుందో, దానికి తానేం చెప్పాలో నాతో అని చూసుకున్నాడు. చెప్పు తీసుకున్నా పడతాను అంబ్యా, నాకంటే పెద్దది కదా అన్నాడు. ఊళ్ళోకి పోయాక ఎవరూ ఏమీ అనలేదు. చావడి ముందు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు, తువ్వాలుతో తుడిచారు. సర్పంచి శాలువా కప్పాడు. చాయ్ సాసర్లో పెట్టి తెచ్చారు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆయన గొంగడి మీద కూర్చుని, ఎవరి కంచంలోంచో రొట్టె తుంచుకుని తిన్న మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

హౌసాబాయి వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, చేతులు జోడించి, మడిచిన కాగితం ఒకటి ముందుకు చాపింది. స్కూలు మాస్టరు చేతిరాత, కింద ఆమె వేలిముద్ర. గౌరవనీయులైన శాసనసభ్యులకు, కాలువ నీళ్ళ విషయం, అని అర్జీ.

“అక్కా, నోటితోని చెప్పు” అన్నాడు తాత్యా. “తిట్టు. ఎప్పటి లెక్క తిట్టు.”

“గదెట్ల, సాహెబ్” అందామె. “మీరు పెద్దలు. కాయితమైతె మీ ఆఫీసుల ఉంటది.”

ఆమె మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని నేను చెవులు రిక్కించాను. లేదు. తహసీల్దారుతో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. ఇంకా నలుగురు తలా ఒక అర్జీ ఇచ్చారు. అందరూ నిలబడి పంపించారు. జీపు కదిలేదాకా ఆగారు, ఆ తర్వాత పనులకు పోయారు.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వచ్చాక వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను. ఊరి మొదట్లో ఇళ్ళు కనపడగానే, వద్దు, పోనీ అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ అక్కడిదాకా వచ్చి వద్దన్నాడు. మూడోసారి అడిగినప్పుడు నేను బండి పక్కకు ఆపేశాను. నాకు కోపమూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. ఆ సలహా ఇచ్చిన నా నాలుక కోసెయ్యాలనిపించింది, ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన వినలేదు.

హౌసాబాయి అర్జీ ఒళ్ళో పరుచుకుని కలం మూత తీశాడు. అర్జీ చేతికొస్తే మూలన ‘తగిన చర్యకై’ అని రాసి, ఎవరికి పంపాలో వాళ్ళ పేరు వేసి, సంతకం గీకడం ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. కదిలే జీపులో కూడా రాసేవాడు. ఈసారి జీపు ఆగి ఉంది. ‘తగిన చర్యకై’ అన్నంతవరకు రాశాడు. పేరు వేయాల్సినచోట కలం ఆగింది.

“దీన్ని ఎవరికి పంపాలె, అంబ్యా?” అని అడిగాడు.

నేను డ్రైవర్ని. నాకేం తెలుసు.